మల్లెచెండు పట్టే లాకరు

నేను తలలో పువ్వు పెట్టుకున్న రోజు ఒక్కటీ లేదు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు, నగలు పెట్టుకోరు. గుణదల కొండకి కూతవేటు దూరంలో పెరిగాను. తిరునాళ్ళకి వచ్చే అమ్మాయిల జడల వంక గుడ్లప్పగించి చూసేదాన్ని గానీ, మా అమ్మ నా జడకి రిబ్బను తప్ప ఇంకేదీ తగలనివ్వలేదు. అయినా మల్లెపూల సంగతి నన్నడగండి. ఏ మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుందో, ఏది మొగ్గగానే మాడిపోతుందో, తడిగుడ్డలో ఎంతసేపు ఉంటుందో, అరిటాకులో ఎంతసేపు ఉంటుందో, మూరల లెక్కన పూలమ్మేవాళ్ళకంటే నేనే బాగా చెప్పగలను. ఈ పాండిత్యమంతా ఇనప లాకర్లు కొనబోయి సంపాదించింది.

తొంభైల చివర్లో సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి నేను మేట్రన్‌ని. మా నర్సుల్లో చాలామంది కంకిపాడు, ఉయ్యూరు వైపు నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు. చీరల్లో వచ్చి, మేడమీద ఒక గదిలో తెల్ల యూనిఫారంలోకి మారేవాళ్ళు. గది అంటే నాలుగు గోడలూ, వాటికి కొట్టిన మేకులూ. ఒక్కో మేకుకి ముగ్గురి సంచులు, రెండు గొడుగులు, ఒక క్యారియరు. మాలో ఒక ముస్లిం అమ్మాయి ఉండేది. ఆమె బురఖా మీద ఎవరిదో ఒకరి పప్పుచారు ఒలకని వారం ఉండేది కాదు. పాపం ఆ పిల్ల నవ్వేసేది. నేనైతే యుద్ధం చేసేదాన్ని.

డ్యూటీలో పూలు పెట్టుకోకూడదని రూలు. పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి, "పూలు తీసి రండమ్మా" అని అందరితో తీయించేది నేనే. పెట్టుకోని దాన్ని కదా, తీయించడం నాకు తేలిక. తీసిన పూలు ఎక్కడ పెట్టాలన్నదే తంటా. మేకుకి తగిలిస్తే సంచుల కింద నలిగిపోయేవి. కిటికీలో పెడితే ఎండకి మాడిపోయేవి. ఒకసారి ఎవరో తెలివైన అమ్మాయి తీసుకెళ్ళి మందుల ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ సాయంత్రం డాక్టరుగారు ఏదో ఇంజెక్షను కోసం తలుపు తియ్యగానే గుప్పున మల్లెల వాసన కొట్టింది.

"ఇదేమిటమ్మా! మనం రోగికి ఇంజెక్షను చేస్తున్నామా, శోభనం చేస్తున్నామా?" అని మూడంతస్తులకీ వినబడేలా కేకలేశారు. ఆస్పత్రి ఆయనదే, ఆపరేషన్లూ ఆయనే చేసేవారు. చెయ్యి మంచిది, నోరు పెద్దది.

థియేటర్లో ఆయన పక్కన నిలబడే నర్సు కంకిపాడు నుంచి వచ్చేది. కొత్తగా పెళ్ళయిన పిల్ల. డాక్టరుగారు చెయ్యి చాపే లోపలే ఏది కావాలో అది ఆ చేతిలో ఉండేది. ఆయన పెద్ద నోటికి థియేటర్లో పనిలేకుండా చేసిన ఘనత ఆ అమ్మాయిది. ఆ ఏడాది వేసవిలో ఒకరోజు ఆమె నా గది గుమ్మంలో నిలబడి, "మేడమ్, నేను నెలాఖరుకి మానేస్తానండి" అంది.

"ఏమ్మా, విశేషమా?" అన్నాను.

"అదేం కాదండి."

"జీతం చాలట్లేదా?"

"కాదండి. పూలండి" అంది, తల వంచుకుని.

వివరం అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ళ అత్తగారికి పెరట్లో మల్లెపొదలున్నాయి. ఆవిడ తెల్లారకముందే లేచి మొగ్గలు కోసి, చెండు కట్టి, కోడలి జడలో తన చేత్తోనే పెట్టి బస్సెక్కిస్తుంది. ఆ మొగ్గలు సాయంత్రానికి విచ్చుకోవాలి. విచ్చిన పూలతో కోడలు గుమ్మంలో అడుగుపెట్టాలి. పూలతో వెళ్ళిన ముత్తైదువ బోసిజడతో తిరిగి రాకూడదు. ఇదీ ఆవిడ పట్టుదల. ఈ పిల్లేమో రోజూ బోసిజడతో బస్సు దిగుతోంది.

"'నేను కట్టిన పూలు ఎవరి నెత్తిన పెట్టొస్తున్నావే' అంటున్నారండి. నలిగిపోతున్నాయి అత్తయ్యా అంటే నమ్మట్లేదు. 'చెండు పెట్టుకోటానికి జానెడు చోటు ఇవ్వనివాళ్ళకి నువ్వు చాకిరీ చెయ్యక్కర్లా, మానెయ్' అంటున్నారు. మా ఆయన వాళ్ళమ్మ మాట దాటరండి."

"నీకు మానెయ్యాలనుందా?"

ఆ పిల్ల కళ్ళు నిండిపోయాయి. "లేదండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో అంత పనితనమున్న పిల్ల, మూరెడు పూల కోసం పోయి ఇంట్లో కూర్చోవడమా! కోడలు లేని అత్త గుణవంతురాలని ఊరికే అనలేదు అనుకున్నాను. కానీ భోజనం చేస్తున్నా, బస్సులో కూర్చున్నా, జానెడు చోటు అన్న మాట నన్ను వదల్లేదు. ఆ మాటలో తప్పేముంది? మా గదిలో ఎవరికీ జానెడు చోటు లేదు. మర్నాడే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, నర్సులకీ ఆయాలకీ కలిపి తాళాలున్న లాకర్లు కావాలన్నాను. కారణం కూడా ఉన్నదున్నట్టు చెప్పాను.

"పూలు పెట్టుకోటానికి ఇనప బీరువాలా!" అన్నారాయన.

"పూల కోసం కాదండి, మీ థియేటర్ కోసం."

"ఆ అమ్మాయి కాకపోతే ఇంకో అమ్మాయిని తయారుచెయ్యండి" అని ఫైలు మూసేశారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. సరే అని, మర్నాడు ఆ పిల్లకి వార్డు డ్యూటీ వేసి, థియేటర్లోకి ఇంకో అమ్మాయిని పంపించాను. ఆయన కత్తెర అడిగితే పట్టకారు ఇచ్చిందట, పట్టకారు అడిగితే దూది ఇచ్చిందట. మధ్యాహ్నానికి నాకు పిలుపొచ్చింది.

"ఆ లాకర్లేవో చూడండి. చవగ్గా చూడండి" అన్నారు, నా మొహం చూడకుండా.

ఈ కబురు మేడమీద గదికి చేరగానే ఎవరి లాకరు కిటికీ పక్కన, ఎవరిది తలుపు పక్కన అని వాదులాట మొదలైంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! కంకిపాడు అత్తగారు మాత్రం, "రానీ, వచ్చాక చూద్దాం. నెలాఖరు దాకా చూస్తా" అన్నదట. అంటే గడువు మారలేదన్నమాట.

ముందు ఏలూరు రోడ్డులో బీరువాలమ్మే షాపుకి వెళ్ళాను. యజమాని ఒక లాకరు పక్కన నిలబడి పిడికిలితో దాన్ని దబదబా బాదాడు.

"గోడండీ, గోడ! దొంగ సమ్మెటతో కొట్టినా చెక్కుచెదరదు."

"గాలి ఆడుతుందా?" అన్నాను.

"గాలేంటండీ, చీమ కూడా దూరదు" అన్నాడు గర్వంగా.

నేను సంచిలోంచి ఆ పొద్దున్నే కొన్న మల్లెమొగ్గల చెండు తీసి ఇచ్చాను. "ఇది లోపల పెట్టి తాళం వెయ్యండి. సాయంత్రం వచ్చి చూస్తాను" అన్నాను. ఆయన నా బోసితల వంక చూశాడు, చెండు వంక చూశాడు. "మీవేనాండీ?" అన్నాడు.

"నావి కావు. ప్రస్తుతానికి నావే అనుకోండి."

సాయంత్రం తలుపు తీస్తే లోపల్నుంచి వేడి మొహానికి కొట్టింది. మొగ్గలు మొగ్గలుగానే గోధుమరంగుకి తిరిగి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల్లా ఉన్నాయి. "ఎండలండీ మరి. శీతాకాలంలో వచ్చి చూడండి" అన్నాడాయన. ఆ పక్క షాపులో జాలీ తలుపుల లాకర్లున్నాయి. గాలి బ్రహ్మాండంగా ఆడుతుంది. వాటిని చూడ్డానికి నాతో వచ్చిన ఇద్దరు నర్సులు మాత్రం ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుని కిసుక్కున నవ్వారు. లోపలి బట్టలన్నీ ఊరికి ప్రదర్శన పెట్టినట్టే కదా! గాలి వెళ్ళాలి, చూపు వెళ్ళకూడదు. అలాంటి లాకరు ఏలూరు రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా దొరకలేదు. ఏ షాపులో కాలుపెట్టినా సంచిలో ఒక చెండు ఉండేది. కొంతమంది నన్ను దూరం నుంచే చూసి, "స్టాకు లేదండీ" అనేవారు.

అప్పుడు మా ముస్లిం అమ్మాయి, వాళ్ళ మావయ్యకి ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డుందని చెప్పింది. చెబుతూనే తన షరతు కూడా పెట్టింది. "నా బురఖా మడత పడకుండా నిలువునా వేలాడాలి మేడమ్" అంది. ఆటోనగర్ వెళ్ళాను. ఆ పెద్దమనిషిని అందరూ భాయ్ అనేవారు. సగం కట్టిన లారీ నీడలో నాకు కుర్చీ వేయించి, నా కథంతా విని, పడీపడీ నవ్వారు.

"మా ఇంట్లోనూ ఇదేనమ్మా. వేసంకాలం మల్లెపూలు లేకుండా ఇంటికి పోతే ఆ పూట నాకు అన్నం ఉండదు. డ్రైవరు క్యాబినుకి గాలి రాటానికి రేకుని ఏటవాలుగా చీలుస్తాం చూడండి, అట్లా చీలుద్దాం. గాలి పోద్ది, చూపు పోదు."

మొదట ఒకే ఒక్క లాకరు చేసి చూపించారు. చీలికలు కింద మాత్రమే పెట్టారు. చెండు పెట్టి, సాయంత్రం తీస్తే మొగ్గలు బతికే ఉన్నాయి గానీ, ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు కళ్ళు తిరిగాయి. "భాయ్, ఇవి మల్లెలా, కొత్త లారీ తలుపా?" అన్నాను. ఆయన కూడా వాసన చూసి మొహం చిట్లించారు. రంగు బాగా ఆరాకే ఇవ్వాలని, చీలికలు పైన కూడా పెట్టాలని, ఇనుము వేడి తగలకుండా పైన చిన్న చెక్క అర ఒకటి బిగించాలని ఇద్దరం కలిసి తేల్చాం. రెండోసారి చేసిన దాంట్లోంచి చెండు తీస్తే సగం మొగ్గలు విచ్చుకుని ఉన్నాయి. ఆ షెడ్డులో, ఆ సుత్తుల మోతలో, గంతులేద్దామనిపించింది. మా సంఘంలో గంతులు కూడా వెయ్యరు కాబట్టి ఊరుకున్నాను. "బూడిద రంగు వేసి, నంబర్లు రాయించండి" అని చెప్పి వచ్చాను.

నెలాఖరు ఇంకా కొద్ది రోజులుందనగా లాకర్లు వచ్చాయి. ఆస్పత్రి ముందు లారీ ఆగింది. నర్సులు, ఆయాలు, చేతికి కట్టుతో ఇద్దరు రోగులు కూడా చుట్టూ మూగారు. టార్పాలిన్ తీశారు. నా నోరు తెరుచుకుపోయింది. బూడిద రంగైతే వేశారు. నంబర్లు మాత్రం లేవు. ప్రతి తలుపు మీదా లారీ వెనక వేసే ముదురు రంగుల్లో, పళ్ళెమంత పువ్వు! ఎర్ర మందారం, కలువ, గులాబీ, బంతి, పొద్దుతిరుగుడు. కొన్ని తలుపుల మీద నెమలి, చిలక, మామిడికాయ. ఒకదాని మీద చేప.

"భాయ్!" అన్నాను.

భాయ్ చెవి వెనక గోక్కున్నారు. "ఇవి పూలు పెట్టుకునే లాకర్లురా, జాగ్రత్తగా వెయ్యి అని మా పెయింటర్‌కి చెప్పానమ్మా. వాడికి జన్మంతా లారీలే కదా. పూలు అనేటప్పటికి..."

"మరి ఈ చేపేమిటి?"

"వాడికి తెలిసిన పూలు అయిపోయినయ్యంటమ్మా."

నర్సులు అప్పటికే నాదంటే నాదని మందారం మీదా కలువ మీదా పడ్డారు. గోలకి డాక్టరుగారు బయటికొచ్చారు. "ఇది ఆస్పత్రా, లారీ ఆఫీసా! హారన్ కొట్టమని కూడా రాయించాల్సింది. ఇప్పుడే వెనక్కి పంపి తెల్లరంగు కొట్టించండి" అన్నారు. తెల్లరంగు కొట్టాలంటే వారం, అది ఆరి వాసన పోవాలంటే ఇంకో వారం. అప్పటికి ఆ పిల్ల కంకిపాడులో మొగ్గలు కోస్తూ ఉంటుంది.

"రోగులెవరూ ఆ గదిలోకి రారండి. నెలాఖరు దాటనివ్వండి, కొట్టిద్దాం" అని బతిమాలాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నారు. లాకర్లు మేడెక్కాయి. కంకిపాడు అమ్మాయికి మందారం వచ్చింది. చేపది ఎవరూ ముట్టుకోలేదు. చేప మా మతానికి పాత గుర్తే, పరాయిది కాదు గనక అది నేను తీసుకున్నాను.

నెలాఖరు రోజు సాయంత్రం, డ్యూటీలు మారే వేళకి, ఒకావిడ నా గదిలోకి వచ్చింది. పొట్టిగా, సన్నగా, నూలుచీర, కొప్పులో చిన్న చెండు. చల్లపల్లి బస్సులో కంకిపాడులో ఎక్కి వచ్చానంది. కోడలికి కూడా చెప్పకుండా వచ్చిందని నాకర్థమైంది. నా బోసితలనీ, బొట్టులేని నుదుటినీ చూసి ఆవిడ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"అయ్యో, మీరాండీ మేట్రమ్మగారు..."

"మా ఆయన నిక్షేపంగా ఉన్నారండీ. మా సంఘంలో పూలు పెట్టుకోం, అంతే" అన్నాను.

"అదా సంగతి. మీరు పెట్టుకోరు, పెట్టుకునేవాళ్ళని పెట్టుకోనివ్వరు" అంది ఆవిడ. గొంతు మళ్ళీ మామూలైపోయింది. నాకు చురుక్కుమంది, నవ్వూ వచ్చింది. లాకర్లు చూద్దురుగాని రండని మేడమీదికి తీసుకెళ్ళాను.

మేము మేడెక్కేసరికి ఆ అమ్మాయి థియేటర్ నుంచి వచ్చి చేతులు తుడుచుకుంటోంది. అత్తగారిని చూసి బిగుసుకుపోయింది. బట్టలు మార్చుకుంటున్న నర్సులు చుట్టూ మూగారు. "తియ్యమ్మా" అన్నాను. తొందరలో ఆ పిల్లకి తాళంచెవి ఒక పట్టాన దూరలేదు. మండే ఎండాకాలం, పైగా ఆ రోజు బయట గాడ్పు కొడుతోంది. షెడ్డులో విచ్చినవి సగమే. ఇక్కడ విచ్చుకోకపోతే నా పాండిత్యమంతా గంగలో కలిసినట్టే.

తలుపు తెరుచుకుంది. ముందు వాసన వచ్చింది. ఆ వెనక చెక్క అర మీద చెండు కనిపించింది, తెల్లగా, నిండుగా, అన్నీ విచ్చుకుని. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అత్తగారు మాత్రం నవ్వలేదు. చెండు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, కోడల్ని వెనక్కి తిప్పి జడలో పెట్టింది. పని అయిపోయింది, ఇక వెళ్తుందనుకున్నాం. వెళ్ళలేదు. లాకరు తలుపు మూసింది, తీసింది, మళ్ళీ మూసింది.

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటదండీ?" అంది.

"మీ కోడలి దగ్గరే."

"ఇంటికి పోయేటప్పుడు మీకు ఇచ్చి పోద్దా?"

"లేదండీ, తనతోనే తీసుకెళ్తుంది."

"మరి లోపల ఏం పెట్టుకుందో మీరు చూడరా?"

"మాకెందుకండీ? ఆ అర తనది" అన్నాను.

ఆవిడ మందారం మీద చెయ్యి వేసింది. "మా ఇంట్లో బీరువా తాళాలు మా అత్తగారి బొడ్లో ఉండేయి. ఆవిడ పోయాక మా ఆయన మొలతాడుకి ఎక్కినయ్. పెరట్లో మల్లెపూలు ఒక్కటే, నన్నడక్కుండా ఎవరూ కొయ్యరు" అంది. మామూలుగానే అంది, ఊళ్ళో సంగతి చెప్పినట్టు. ఇన్నాళ్ళూ ఈ మనిషిని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, అవన్నీ ఒక్కసారిగా ఎటో పోయాయి.

ప్రతి లాకరుకీ రెండు తాళంచెవులు వచ్చాయి. రెండోవి నా సొరుగులో ఉండాలని రూలు. ఆ రూలు కూడా నేను పెట్టిందే. కిందికెళ్ళి మందారం తాలూకు రెండో చెవి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇది మీ దగ్గర ఉంచండి. మీ కోడలు పారేసుకుంటే మీరే దిక్కు."

ఆవిడ కోడలి వంక చూసింది. కోడలు "ఉంచండి అత్తయ్యా" అంది. అప్పుడు అత్తగారు మంగళసూత్రాల తాడుకున్న పిన్నీసు తీసి, చెవిని దానికి గుచ్చి, జాకెట్టు లోపలికి వేసుకుంది. నెలాఖరు సంగతి ఎవరూ ఎత్తలేదు. "పదవే, బస్సు పోద్ది. పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి రావాలి కదా" అని ఆవిడే కోడల్ని తొందరపెట్టింది.

మల్లెల రోజులు అయిపోయి సన్నజాజులు వచ్చాయి. తెల్లరంగు ఎప్పుడు కొట్టిస్తారని డాక్టరుగారు అడుగుతూనే ఉన్నారు, నేను రేపూ మాపూ అంటూనే ఉన్నాను. ఒకరోజు మధ్యాహ్నం, చిన్న జల్లు పడుతోంది, మేడమీద వరండాలో వెళ్తుంటే ఆ గదిలో అలికిడి వినిపించింది. డ్యూటీలో అందరూ కింద ఉన్నారు. కోడలు థియేటర్లో ఉంది. తలుపు సందులోంచి చూస్తే అత్తగారు! చేతిలో అరిటాకు పొట్లం. పొద్దున కోడలు పూలు పెట్టించుకోకుండానే హడావిడిగా బస్సెక్కేసిందట.

ఆవిడ ఎవరినీ పిలవలేదు. వరసలో మందారం వెతుక్కుని, తడిచేతులు చీరకి తుడుచుకుని, తాడు బయటికి లాగి, తాడుతోనే వంగి తాళం తీసింది. పొట్లం లోపల పెట్టి, దువ్వెనా పౌడరు డబ్బా పక్కకి జరిపి, సర్ది, తాళం వేసింది. తిరిగేసరికి నేను కనిపించాను.

"మేట్రమ్మగారూ, వీటికి రంగు మార్చి నంబర్లు వేయిస్తారంటగా? వద్దండీ. నాకు నంబర్లు తెలవ్వు, మందారమైతే తెలుస్తది" అంది.

"మార్చనివ్వనండీ" అన్నాను. డాక్టరుగారికి ఆ సాయంత్రమే ఖాయంగా చెప్పేశాను కూడా. ఆవిడ తలూపి, చెవిని జాకెట్టులో వేసుకుని, మెట్లదాకా వెళ్ళింది. అక్కడ ఆగి, మళ్ళీ వెనక్కొచ్చి, తాళం పడిందో లేదో ఒకసారి లాగి చూసుకుంది.